ఎర్తు గుంతకు బిందెడు నీళ్లు

సంతకం తప్ప ఆ ఫారంలో అన్నీ నింపి ఉన్నాయి. ఇంటి నంబరు, గల్లీ, ఎన్ని బల్బులు, ఎన్ని ఫ్యాన్లు. బల్బులు మూడు, ఫ్యాను ఒకటి. కొత్తగా కరెంటు కనెక్షను కావాలని పెట్టుకునే అర్జీ అది. ఆ చేతిరాత నాకు బాగా తెలుసు. మా కాలనీలో సగం ఇళ్ల మీటరు బోర్డుల మీద పెన్సిలుతో ‘వంటింటిది’, ‘బాయి మోటరుది’, ‘దీన్ని ముట్టద్దు’ అని రాసి ఉన్నది అదే చేతిరాత. మనిషి పోయి అప్పటికి ఇరవై రోజులు. ఆయన బిడ్డ ఆ కాగితాన్ని సుబేదారిలో నేను గుమాస్తాగా పనిచేసే ఆఫీసుకు తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

“బాపు నింపి పెట్టిండన్నా. సంతకం ఒక్కటే పెట్టలే. గిది నడుస్తదా?”

“నడవది. కొత్తది నీ పేరు మీద నింపుదాం” అన్నాను.

ఊరందరి ఇళ్లకూ వైర్లు లాగిన మనిషి, తన ఇంటికి కరెంటు కావాలని అర్జీ రాసుకుని, సంతకం పెట్టే గీత దాకా వచ్చి ఆగిపోయాడు. ఇంకెవరి సంగతైనా అయితే దీని మీద రెండు జోకులు వేసేవాణ్ణి. ఈయన మీద నా వాటా జోకులు ఎప్పుడో అయిపోయాయి.

అందరూ ఆయన్ని ఎర్తు కాక అనేవారు. అసలు పేరు రేషను కార్డులోనూ ఈ ఫారంలోనూ తప్ప ఎక్కడా పలికిన గుర్తు లేదు. ఆఫీసర్లు జేబుకు పెన్ను పెట్టుకున్నట్టు ఆయన టెస్టరు పెట్టుకునేవాడు. ఇంట్లోకి వస్తే “బాగున్నరా” అని అడిగేవాడు కాదు. “ఎర్తు ఉన్నదా?” అనేవాడు. ఉన్నదో లేదో ఎవరికీ తెలియదు కాబట్టి అందరూ “ఆ, మంచిగనే ఉన్నం కాకా” అని జవాబిచ్చేవారు.

దేన్నయినా మొదట చేతి వెనకవైపుతో ముట్టేవాడు. ఫ్యాను స్టాండు, ఇస్త్రీ పెట్టె, రేడియో సరే. చాయ్ గ్లాసు, మా ఇంటి గేటు, అరుగు మీద పడుకున్న కుక్క వీపు కూడా అంతే. ఒక పెళ్లిలో కొత్త పెళ్లికొడుకు చెయ్యి చాపితే ఈయన చెయ్యి తిప్పి, వేళ్ల కణుపులతో అలా తగిలించి తీసేశాడు. పెళ్లికొడుకు అవమానమైందనుకుని పక్కకు చూశాడు.

“గదేంది కాకా, పిల్లగాడు షాకు కొడ్తడా?” అన్నాను.

“అరచెయ్యి వట్టుకుంటది. ఎనుక చెయ్యి ఇడిసిపెడ్తది” అన్నాడు.

నేను దాన్ని వేదాంతం అనుకుని వారం రోజులు ఆఫీసులో వాడుకున్నాను. కరెంటు తగిలితే వేళ్లు ముడుచుకుపోతాయనీ, అరచెయ్యి అయితే పట్టుకున్నదాన్ని వదలలేదనీ, అందుకే పని తెలిసినవాళ్లు వెనక చెయ్యి పెడతారనీ తర్వాత తెలిసింది. వేదాంతం కాదు, వైరింగు.

ఆ రోజుల్లో మా కాలనీలో ప్రతి ఇల్లూ ఏదో ఒకటి కొనుక్కుంటోంది. ఇస్త్రీ పెట్టె, మిక్సీ, టేబుల్ ఫ్యాను, బకెట్లో ముంచి నీళ్లు కాచుకునే రాడ్డు. అన్నిటికీ మూడు పుల్లల ప్లగ్గులు వచ్చేవి. ఇళ్లల్లో రెండు బొక్కల సాకెట్లు ఉండేవి. ఎర్తుకు పోవాల్సిన మూడో పుల్లను కటింగ్ ప్లేయరుతో విరిచి, మిగిలిన రెంటినీ సాకెట్లో దూర్చడం ఇంటి యజమాని తెలివికి గుర్తు. మా నాయిన ఆ పని ఎంత నాజూకుగా చేసేవాడంటే పక్కింటివాళ్లు తమ ప్లగ్గులు కూడా తెచ్చి ఇచ్చేవారు. ఎర్తు కాక అలా విరిగిన ప్లగ్గు చూస్తే ఏమీ అనేవాడు కాదు. సంచిలోంచి కొత్త సాకెట్ తీసి గోడకు బిగించి పోయేవాడు. అడిగితే “కాళ్లు ఇరగ్గొట్టి నడువుమంటరు” అని ఒక్కసారి గొణిగాడట. ఆయన కోపమంతా అంతే.

ఎండాకాలం వచ్చిందంటే మాత్రం ఆయనతో పడలేకపోయేవాళ్లం. మధ్యాహ్నం ఎవరో ఒకరి ఇంటికి వచ్చి పెరట్లోకి పోయి, “వదినె, ఒక బిందెడు నీళ్లియ్యి” అనేవాడు. ఆ నీళ్లు తీసుకెళ్లి గోడ పక్కన, సిమెంటు మూత ఉన్న చిన్న గుంతలో పోసేవాడు. ఇంట్లోని ఎర్తు వైరంతా ఆ గుంతలో పాతిన ఇనుప గొట్టానికే చేరుతుంది. మన్ను తడిగా ఉంటేనే అది పనిచేస్తుంది. మాది మొరం నేల. వైశాఖం వచ్చేసరికి పెంకులా ఎండిపోయేది. ఆయన మాటల్లో చెప్పాలంటే, “మన్ను ఎండితే ఎర్తు సచ్చినట్టే.” కానీ ధర్మసాగర్ చెరువు నుంచి వచ్చే నల్లా నీళ్లు దినం విడిచి దినం, అదీ గంటసేపు. బిందెడు నీళ్ల దగ్గర గొడవపడి ఆడవాళ్లు మాట్లాడుకోవడం మానేసిన రోజులు.

“మనుషులకే లేకపాయె, మన్నుకు పోస్తవా నువ్వు?” అని పక్కింటి పెద్దమ్మ చెయ్యి అడ్డం పెట్టేది.

“మనుషుల కోసమే పెద్దమ్మా.”

“కాకా, ఉత్త నీళ్లేంది? జర చక్కెరేసి షర్బతు పొయ్యరాదు?” అన్నాను నేను వరండాలోంచి.

ఆయన ఆలోచించాడు. “చక్కెర పనికిరాదు. ఉప్పైతే నడుస్తది” అన్నాడు.

జోకు అర్థం కాని మనిషి మీద జోకు వేస్తే ఆ రుచే వేరు. చౌరస్తాలో చాయ్ కొట్టు దగ్గర ఒకసారి, “ఎర్తు కాక ఇంటింటికీ తిరిగి తర్పణం వదుల్తాండు, ఎవలు పోయిండ్రో ఏమో” అన్నాను. బాగా పేలింది. సాయంత్రానికి కాలనీ అంతా తెలుసు. ఆయనకూ తెలిసే ఉంటుంది. మర్నాడు వచ్చి మా గుంతలో... కాదు, అప్పటికి మాకు గుంత లేదు. మా ఎర్తు వైరును ఇల్లు కట్టినప్పుడు ఆయనే నల్లా పైపుకు చుట్టాడు. అప్పట్లో, గుంతలు ఇంకా రాకముందు, అందరికీ అలాగే కట్టేవారు. ఇనుప పైపు వీధి పొడుగునా భూమిలోనే ఉంటుంది, అంతకంటే మంచి ఎర్తు ఏముంటుంది అని.

కలర్ టీవీలు వచ్చిన ఏడాది మేము ఫ్రిజ్ కొన్నాం. వంటింట్లో పెడితే ఎవరికీ కనబడదు కాబట్టి ముందు గదిలో పెట్టి, నెత్తిన అల్లిక గుడ్డ వేశాం. రెండో రోజు అమ్మ, “దీన్ని ముడ్తే చిమచిమ అంటాందిరా” అన్నది.

“కొత్త కోడలు గదనే, సిగ్గువడ్తాంది.”

అమ్మ భుజం మీది తువ్వాలుతో తలుపు తెరవడం అలవాటు చేసుకుంది. నాలుగో రోజు పెరట్లో కాళ్లు కడుక్కుని తువ్వాలు మరిచిపోయి వచ్చి, పిడి పట్టుకుని కేక పెట్టింది. పట్టు విడిపోయింది కాబట్టి సరిపోయింది. ఎర్తు కాకను పిలిపించాం.

ఆయన చేతి వెనకవైపు ఫ్రిజ్‌కు ఆనించి తీసేశాడు. ప్లగ్గు చూశాడు. మూడు పుల్లలూ ఉన్నాయి. నాయిన వైపు చూసి మెచ్చుకున్నట్టు తలాడించాడు. అక్కడి నుంచి ఎర్తు వైరు వెంట గోడ పట్టుకుని, పాము జాడ వెతికినట్టు పెరట్లోకి, నల్లా దగ్గరికి పోయాడు. కట్టు సరిగానే ఉంది. తర్వాత పైపు వెంట నడిచాడు, ప్రహరీ పక్కగా, గేటు దాకా. గేటు దగ్గర తెల్లగా జానెడు ప్లాస్టిక్ పైపు.

నెల కిందట పైపు తుప్పుపట్టి కారుతుంటే ఆ ముక్క కోసేసి ప్లాస్టిక్‌ది అతికించింది నేనే. హాక్సా బ్లేడుతో కోసి, కొవ్వొత్తితో కొసలు మెత్తబరిచి తొడిగాను. వచ్చినవాళ్లందరికీ చూపించాను. ఫ్రిజ్ తర్వాత మా ఇంట్లో చూపించదగ్గది అదే.

“ఎవలు ఏసిండ్రు గిది?”

“నేనే కాకా. ఎట్లుంది? కారుతలేదు, తుప్పు రాదు.”

ఆయన గొంతుక్కూర్చుని దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు. మెచ్చుకోవడానికి మాటలు దొరకడం లేదేమో అనుకున్నాను. లేచి లోపలికి పోయి, మీటరు బోర్డులోంచి ఫ్యూజులు రెండూ పీకి జేబులో వేసుకుని, చెప్పులు తొడుక్కుని బయలుదేరాడు.

“కాకా, ఫ్యూజులు!”

“గుంత తవ్వినంక పిలువు. గప్పుడిస్త.”

“ఎంత లోతు?”

“నీ నెత్తి మునగాలె.”

మూడు రోజులు ఇంట్లో కరెంటు లేదు. ఫ్రిజ్ అల్మారా అయింది. నాయిన తన ఫైళ్లు అందులో పెట్టుకుని, “చల్లగ లేకున్నా చెదలు రావు” అన్నాడు. నేను పెరట్లో తవ్వుతున్నాను. రెండడుగుల మొరం పోయాక రాయి. గడ్డపార వేస్తే నిప్పులు రాలుతున్నాయి. పక్కింటి పెద్దమ్మ గోడ మీంచి తొంగిచూసి, “ఎవలను బొందవెడ్తవ్ రా?” అన్నది.

“ఇంక అనుకోలే పెద్దమ్మా. అందరు ఊపిరితోనే ఉన్నరు.”

మూడో రోజు ఎర్తు కాక ఇనుప గొట్టం, గంపెడు బొగ్గు, గోనె సంచిలో రాళ్లుప్పు తెచ్చాడు. గొట్టం నిలబెట్టి, చుట్టూ ఒక వరస బొగ్గు, ఒక వరస ఉప్పు వేస్తూ వచ్చాం. నా అరచేతులు బొబ్బలెక్కి ఉన్నాయి. ఊరికే ఉండలేక అన్నాను: “జానెడు పైపు ముక్కకు ఇంత పెద్ద గుంతా కాకా? జుర్మానా జర ఎక్కువైంది.”

ఆయన బొగ్గు సర్దుతూనే మాట్లాడాడు.

“నేను గూడ ఏసిన. మా ఇంట్ల. గేటు కాడనే. తెల్లగ మెరుస్తుండె. మా ఆమెను పిల్సి చూపెట్టిన.”

ఇంకో దోసెడు బొగ్గు.

“పొద్దుగాల అంగీ ఇస్త్రీ చేస్తాన్న. పెట్టె లోపట వైరు తెగి రేకుకు తాకింది. నాకు తెల్వది. పిడి చెక్కది, కాళ్ల కింద చాప. నాకేం గాలే. ఆ కరెంటు ఎర్తు వైరు వట్టుకొని నల్లా కాడికి పోయింది. ఆడికెల్లి మన్నులకు పోవాలె గదా? నడిమిట్ల ప్లాస్టిక్. పోలే. నల్లా మీదనే నిలవడ్డది.”

బొగ్గు గంప ఆయన వైపు జరిపాను. ఆయనే అన్నాడు.

“నల్లా కాడ బిందె వడ్డ సప్పుడు ఇన్న. ఆమె చెయ్యి జారిందనుకున్న. కాలరు ఒక్కటే మిగిలింది. అది చేసినంక పోయిన.”

చెయ్యి చాపి, “ఉప్పందియ్యి” అన్నాడు.

ఉప్పందించాను.

గుంత నింపి, మూత వేసి, నీళ్లు పోసి, జేబులోంచి ఫ్యూజులు తీసి పెట్టాడు. ఫ్రిజ్ గుర్రుమంది. ఆయన వెనక చెయ్యి ఆనించాడు, తర్వాత అమ్మను పిలిచి, “ఇగ వట్టుకో వదినె” అన్నాడు. అమ్మ పట్టుకుంది. ఆయన ఆమె చేతి వైపు చూస్తూ నిలబడ్డాడు. అమ్మ తలుపు తీసి వేసి, తీసి వేసి, “మంచిగున్నది మర్దీ, ఇగ ఫికర్ లేదు” అని మూడుసార్లు చెప్పేదాకా కదల్లేదు.

ఆ తర్వాత తర్పణం మాట నేను మానేశాను. కానీ అది నా నోట్లోంచి వచ్చి చాలా రోజులైంది, ఇంక నాది కాదు. ప్రతి ఎండాకాలం ఏదో గేటు దగ్గర ఎవరో ఒకరు, “అగో, తర్పణం వస్తాంది, బిందెలు దాసుకోండ్రి” అనేవారు. అందరూ నవ్వేవారు. అంత బాగా కుదిరిన జోకు నేను తర్వాత వెయ్యలేదు. వినబడ్డప్పుడల్లా లోపలికి పోయి ఏదో పని కల్పించుకునేవాణ్ణి.

మరుసటి ఏడు ఒక సాయంత్రం మిక్సీ పట్టుకుని, కాలనీ అవతల ఉన్న వాళ్లింటికి మొదటిసారి పోయాను. అప్పుడే దీపాలు పెట్టే వేళ. గల్లీ అంతా బల్బులు వెలుగుతున్నాయి, ఆ ఒక్క ఇల్లూ తప్ప. ఫ్యూజు పోయిందనుకున్నాను. లోపల కిరసనాయిలు కందిలి ముందు ఆయన బిడ్డ డిగ్రీ పుస్తకాలు పెట్టుకుని కూర్చుంది. గోడకు స్విచ్చుల బోర్డు తుడిచి శుభ్రంగా ఉంది. చూరు కింద రెండు పింగాణీ గుబ్బలున్నాయి, వాటికి రావాల్సిన వైర్లు లేవు. పెరట్లో ఎర్తు గుంత చుట్టూ ఎండాకాలంలోనూ పచ్చగా పాచి పట్టి ఉంది. ఆయన బిందె వంచి నీళ్లు పోస్తున్నాడు.

“కాకా, కరెంటు లేని ఇంటికి ఎర్తు ఎందుకే?”

“గప్పుడు ఎర్తు లేకుండె గదా” అన్నాడు.

బిందె ఖాళీ అయ్యేదాకా నేను అక్కడే నిలబడ్డాను. మిక్సీ నా చేతిలోనే ఉంది.

బిడ్డ లోపలి నుంచి వచ్చింది. “అన్నా, నువ్వన్న చెప్పు. అమ్మ పోయిన నాడు వైర్లు కోపిచ్చిండు. కండ్లు గుంజుతున్నయి నాకు. ఊరోళ్ల ఇండ్లల్ల బల్బులు వెడ్తడు, మా ఇంట్ల కందిలి.”

“పెడ్త బిడ్డా. వద్దన్ననా? జర తడి వట్టనియ్యి.”

“ఎన్నేండ్ల సంది వడ్తాంది బాపూ?”

“కింద రాయున్నది. రాయికి తడి మెల్లగ ఎక్కుతది.”

“ఇంక పోస్తే బోరు పడ్తది కాకా” అన్నాను. పిల్ల నవ్వింది. ఆయన గుంత వైపు చూసి, “బోరుకు ఇంక లోతు వోవాలె” అన్నాడు.

ఆ ఏడు తడి పట్టలేదు. పై ఏడూ పట్టలేదు. పోసిన నీళ్లు తక్కువేమీ కాలేదు. బిడ్డ డిగ్రీ కందిలి ముందే అయిపోయింది, ఆ తర్వాత టైపు నేర్చుకుంది, అదీ కందిలి ముందే సాధన. ఈ ఎండాకాలం మొదట్లో ఆమె, “కరెంటు రాకపోతే నేను హాస్టలుకు పోత బాపూ” అన్నదట. మర్నాడే ఆయన మా ఆఫీసుకు వచ్చాడు. మెట్ల దగ్గర స్విచ్ బోర్డు చూసి ముఖం చిట్లించి, నా బల్ల దగ్గర నిలబడి ఫారం అడిగాడు. కరెంటాఫీసు నుంచి తెప్పించి ఇచ్చాను.

“సంతకం ఏడ పెట్టాలె?”

“ఇగో, ఈ గీత మీద.”

“పెడితే వచ్చి ఇచ్చిపోతరా?”

“వెంటనే రారు. సర్కారు గదా కాకా. నీ భయం తీరేదాక టైం ఇస్తరు.”

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ ఒక్కసారి జోకు అర్థమైందనిపించింది. ఫారం నాలుగు మడతలు పెట్టి, టెస్టరు పక్కన పెట్టుకుని పోయాడు.

ఈసారి ఎండలు మరీ ముదిరాయి. నల్లాలు మూడు రోజులకోసారి అయ్యాయి. ఇళ్లల్లో బిందెడు నీళ్లు ఇవ్వలేమన్నారు. ఆయన వీధి బోరింగు దగ్గర తనే బిందె నింపుకుని, సైకిలుకు కట్టుకుని ఇంటింటికీ పొయ్యడం మొదలుపెట్టాడు. ఒక మధ్యాహ్నం పక్క గల్లీలో ఎవరి గేటు నీడనో కూర్చున్నాడు. ఇంటివాళ్లు తర్పణం వచ్చిందనుకుని తలుపు తియ్యలేదు. తీసేసరికి పక్కకు ఒరిగి ఉన్నాడు. దవాఖానకు మోసుకుపోయినవాళ్లలో నేనూ ఉన్నాను. వడదెబ్బ అన్నాడు డాక్టరు. ఒంట్లో నీళ్లు లేవన్నాడు. సైకిలుకు కట్టిన బిందెలో సగానికి ఉన్నాయి.

ఆ ఇంటివాళ్లది తప్పని చెప్పలేను. ఆ మాట వాళ్లకు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

బిడ్డ సంతకంతో అర్జీ పోయింది. పోయిన వారం లైన్‌మన్ వచ్చాడు. పరకాల వైపు నుంచి కొత్తగా బదిలీ అయి వచ్చిన పెద్దాయన, ఇక్కడి సంగతులేవీ తెలియవు. స్తంభం నుంచి వైరు లాగి, మీటరు బిగించి, ఒక తీగ మీటరుకూ ఒక తీగ ఎర్తు గొట్టానికీ ఆనించి చేతిలో బల్బు వెలిగించి చూశాడు. కళ్లు చెదిరేలా వెలిగింది.

“అబ్బో! నా సర్వీసుల గింత మంచి ఎర్తు చూడలే. ఏమేసిండ్రు బిడ్డా?”

“నీళ్లు” అన్నది.

లోపల స్విచ్చు నన్ను వెయ్యమన్నది. నేను బోర్డు దాకా పోయి, జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. ఆమే వచ్చి వేసింది. బల్బు వెలిగింది. పదకొండో రోజుకని చుట్టాలు కందిలి వెలుగులో సున్నం వేశారు. మూల దాకా వేశామనుకున్నారు కానీ సగం గోడ ఇంకా నల్లగా పొగచూరి ఉంది. ఆమె దాన్ని పైనుంచి కిందికి చూసి, “సగమే ఏసిండ్రు గదన్నా” అని నవ్వింది. నవ్వు కాసేపు ఆగలేదు.

లైన్‌మన్ మంచినీళ్లు అడిగాడు. అది నల్లా వచ్చే వేళ. ఆమె గ్లాసు తీసుకుని పెరట్లోకి పోయింది. నేను వెనకే పోయాను. గేటు దాకా పైపు మళ్లీ ఇనుపదే, కాక అప్పుడే మార్చేశాడు. నల్లా మాత్రం పాతదే, వాళ్లమ్మ పట్టుకున్నదే. ఇంట్లో కరెంటు ఉన్నప్పుడు దాని ముందు ఎవరైనా నిలబడటం ఇన్నేళ్లలో ఇదే మొదలు. ఆమె గ్లాసు ఎడమ చేతిలోకి మార్చుకుంది. కాళ్ల కింద నేల తడిగా ఉంది. కుడి చెయ్యి చాపి, అరచేత్తో బిగించి నల్లా పట్టుకుని తిప్పింది.

గ్లాసు నిండింది. నిండి, చేతి మీద నుంచి, మోచేతి మీద నుంచి కారింది. ఆమె చూస్తూనే ఉంది.

“నీళ్లు పోతున్నయి బిడ్డా, బంద్ చెయ్యి” అన్నాడు లైన్‌మన్ గుమ్మంలోంచి.

“పోనియ్యి” అన్నది, నల్లా వదలకుండా.